మామ పడవకు నల్లా నీళ్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఒకవేళ ఉంటే, దాని మీద ఇంకా ఎవరూ పుస్తకం రాయలేదని అర్థం. డిగ్రీ పూర్తయి ఇంకా ఉద్యోగం రాని కాలం అది. అశోక్‌నగర్‌లో మా ఇంటికి ఎటు చూసినా కోచింగ్ సెంటర్లే. పక్క జిల్లాల కుర్రాళ్లంతా సర్కారు ఉద్యోగాల కోసం వచ్చి అక్కడ చేరుతుంటే, నేను మాత్రం ఒకరు చదివి చెబుతుంటే వినడం నామోషీ అనుకుని రోజూ పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి నడిచి వెళ్లేవాణ్ణి. అక్కడ పరీక్షల సిలబస్ తప్ప మిగతావన్నీ చదివాను. తేనెటీగల పెంపకం చదివాను, వంతెనల నిర్మాణం చదివాను, ఒంటెల జీర్ణవ్యవస్థ చదివాను. ఫోన్లో వెతికితే ఇవన్నీ క్షణంలో దొరికేవే కదా అని మీరనవచ్చు. ఫోన్లో దొరికేది సమాచారం, అలమరలోంచి దుమ్ము దులిపి తీసేది జ్ఞానం అని నా సిద్ధాంతం. (తుమ్ములు కూడా వచ్చేవి. వాటిని జ్ఞానం మీద విధించిన పన్నుగా భావించేవాణ్ణి.) మా చుట్టాల్లో ఎవరికి ఏ సందేహం వచ్చినా నన్నే అడిగేవారు. అడగకపోయినా నేను చెప్పేవాణ్ణి.

నా మేనమామకు నారాయణగూడలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. ఎప్పుడూ నా చేతిలో పుస్తకమే చూసి నన్ను ముద్దుగా 'కితాబ్' అని పిలిచేవాడు. ఏళ్ల తరబడి గల్లా దగ్గర కూర్చుని కూర్చుని మోకాళ్లు అరిగి, ఒంట్లో షుగర్ చేరి, ఒకరోజు డాక్టరు దగ్గరికి వెళితే ఆయన, "నడిస్తే మోకాళ్లు పోతాయి, నడవకపోతే మనిషి పోతాడు. మోకాళ్ల మీద బరువు పడకుండా ఒళ్లంతా కదిలే పని చేయండి. ఇంట్లో ఒక రోయింగ్ మిషన్ పెట్టుకోండి" అన్నాడట. రోయింగ్ మిషన్ అంటే ఇంట్లోనే కూర్చుని తెడ్డు వేసినట్టు చేసే వ్యాయామ యంత్రమని, సీటు ముందుకీ వెనక్కీ జారుతుందని, పిడి పట్టుకుని రొమ్ము దాకా లాగాలని మామకు ఎవరో వివరించారు. ఆయన ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చాడు.

"ఏం కితాబ్, ఇంట్ల కూసొని పడవ నడిపే మిషిన్ ఉంటదంట గద. అందుల ఏది మంచిదో నువ్వే చూసి చెప్పాలె. దుకాణపోడు ఏది అమ్ముడుపోకుంటె అదే మంచిదంటడు. నాకు తెల్వదా, నేను గూడ దుకాణపోణ్నే."

నేను లేచి నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి నా చదువుతో ఒకరికి పని పడింది. అయితే పక్కనే పేపరు చదువుతున్న నాన్న దాన్ని మడిచి పక్కన పెట్టాడు. నాన్న అలా పేపరు మడిచాడంటే ఏదో తీర్పు రాబోతోందన్నమాట.

"మంచిగ విను బిడ్డా. రెండేండ్ల సంది లైబ్రరీకి పోతున్నవు. ఏం చదువుతున్నవో నేను అడగలే. ఈ ఒక్క పని సక్కగ జెయ్. మీ మామ మోకాళ్లు నయమైతె ఇంకో ఏడాది చదువుకో, ఒక్క మాట అనను. మిషిన్ తెచ్చి మూలకు పడేస్తిరంటె మాత్రం, సీదా మామ దుకాణంల కూసోవాలె. లైబ్రరీ బంద్."

మామ సంతోషంగా తలూపాడు. ఆయనకు ఎటుపోయినా లాభమే, వస్తే మోకాళ్లు, లేకపోతే నమ్మకమైన మనిషి. నాకు మాత్రం ఎటో ఒకవైపే బతుకు ఉంది.

మర్నాటి నుంచి లైబ్రరీలో నా కృషి మొదలైంది. వ్యాయామ శాస్త్రం, శరీర నిర్మాణం, నదుల మీద పడవ ప్రయాణాలు, జలాంతర్గాముల చరిత్ర (ఇది దేనికని అడగకండి, పక్క అరలో ఉంది) అన్నీ తిరగేశాను. ఈ మిషన్లు నాలుగు రకాలని తేల్చాను. పంపుల్లాంటి గొట్టాలతో పనిచేసేవి ఒకటి, గాలి పంకాతో తిరిగేవి ఇంకొకటి, అయస్కాంతంతో బిగించేవి మరొకటి, నీళ్ల డబ్బాలో రెక్కలు తిరిగేవి చివరిది. అన్నిటికన్నా ముఖ్యం సీటు జారే పట్టా పొడవట. మనిషి కాళ్లు పూర్తిగా చాచినా సీటు పట్టా దాటి పోకూడదు. అందుకని టేపు పట్టుకుని తిన్నగా దుకాణానికి వెళ్లి, గిరాకీ బాగా ఉన్న వేళ మామను స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదుట బోర్లించిన గంగాళం మీద కాళ్లు చాపించి కొలవడం మొదలుపెట్టాను. టిఫిన్ డబ్బా కోసం వచ్చిన ఒకావిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో, ఏమైంది సేటుకు? కాలు విరిగిందా?"

"విరగలేదమ్మా. కొలుస్తున్నం" అన్నాడు మామ గంభీరంగా.

"ఎందుకు?"

"పడవ కొనాలె."

ఆవిడ ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది. టిఫిన్ డబ్బా పక్క దుకాణంలో కొనుక్కుని ఉంటుంది.

తర్వాతి ఆదివారం హిమాయత్‌నగర్‌లో ఒక వ్యాయామ పరికరాల షోరూముకు వెళ్లాం. టై కట్టుకున్న ఒక సేల్స్ అబ్బాయి మమ్మల్ని చూసి నవ్వుతూ వచ్చాడు. నేను అతనికి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. పట్టా పొడవు, సీటు ఎత్తు, పాదాల కోణం, వెన్నెముక వంపు అన్నీ నేనే చెప్పాను. అతను చాలాసేపు విని, "అన్నా, మీరు డాక్టరా?" అనడిగాడు. "కాదు, పాఠకుణ్ణి" అన్నాను. అలాంటి ఉద్యోగం ఏ ఆసుపత్రిలో ఉంటుందో తెలియక అతను టై సర్దుకున్నాడు.

గొట్టాల మిషన్‌ను మామ కాలితో తట్టి, "ఇది ఆటో షాకబ్జర్ లెక్కుంది" అని కొట్టిపారేశాడు. పైగా దాని సీటు నేలకు జానెడు ఎత్తులో ఉంది. మామ దాని మీద కూర్చోవడం బాగానే కూర్చున్నాడు కానీ, లేపడానికి నేను, సేల్స్ అబ్బాయి, ట్రెడ్‌మిల్ కొనడానికొచ్చిన ఇంకో పెద్దమనిషి కలిసి పట్టాల్సి వచ్చింది. గాలి పంకా మిషన్ ఆయనకు తెగ నచ్చింది. లాగినప్పుడల్లా మొహానికి గాలి తగులుతోంది. "ఎండకాలం కూలర్ అవసరం లేదు కితాబ్" అన్నాడు. కానీ దాని చప్పుడుకి షోరూములో ఎవరి మాటలూ ఎవరికీ వినిపించడం లేదు. అయస్కాంతపు మిషన్ మరీ నిశ్శబ్దం. "సప్పుడు లేకుంటె నేను కష్టపడుతున్నట్టు ఇంట్ల ఎట్ల తెలుస్తది?" అన్నాడు మామ. సేల్స్ అబ్బాయి దాన్నే తీసుకోమని మెల్లగా సలహా ఇచ్చాడు. అతను సలహా ఇచ్చాడు కనుక నేను వద్దన్నాను.

ఇక మిగిలింది నీళ్ల మిషన్. ముందువైపు గుండ్రటి పారదర్శకపు డబ్బా, అందులో రెక్కలు, లాగితే బుడుంగున నది మీద తెడ్డు వేసిన చప్పుడు. సీటు కుర్చీ అంత ఎత్తులో ఉంది, పట్టా మామ కాళ్లకు సరిపోయింది. నేను షోరూము మధ్యలో నిలబడి ఉపన్యసించాను. "మామా, నీటికి పట్టుదల ఉండదు. నువ్వు ఎంత బలంగా లాగితే అంతే ఎదురు తిరుగుతుంది, మెల్లగా లాగితే మెల్లగా లొంగుతుంది. నీ మోకాళ్లకు తగిన గురువు నీరే."

"ఏందో మంచిగనే చెప్తున్నవు. మరి మనింట్ల తాగనీకే నీళ్లు రోజు ఇడిసి రోజు వస్తయి గదరా?"

"ఒక్కసారి పోస్తే చాలు. నెలల తరబడి మార్చక్కర్లేదు."

మిషన్ మామ ఇంటికి చేరాక మా అత్తమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఎన్ని బిందెలు పడ్తయి?" ఒక బిందె, పైన రెండు చెంబులు అని చెప్పాను. ఆవిడ డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో తట్టి చూసి, తృప్తిగా లోపలికెళ్లిపోయింది. నేను డబ్బా మీది గీత దాకా కొలిచి నీళ్లు పోశాను. దానికోసం మిషన్‌తో పాటు ఒక చేతిపంపు ఇచ్చారు, వెనకటికి కిరోసిన్ డ్రమ్ములోంచి సీసాలోకి తోడుకునేవాళ్లమే, అలాంటిది. రెండు రోజుల్లో అత్తమ్మ ఆ డబ్బాకు పువ్వుల గుడ్డతో బొందు కవరు కుట్టి తొడిగింది. ఆ ఇంట్లో టీవీకి కవరు, మిక్సీకి కవరు, గ్యాస్ సిలిండరుకు కూడా కుచ్చుల కవరు ఉండేవి కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

మొదటి వారం మామ ఉత్సాహం చెప్పలేను. రోజూ పొద్దున హాల్లో కూర్చుని బుడుంగు బుడుంగుమని పడవ నడిపి, చెమటతో దుకాణానికెళ్లి, గిరాకీకి వచ్చినవాళ్లకు గిన్నెలకన్నా ముందు పడవ గురించి చెప్పేవాడు. రెండో వారంలో ఫిర్యాదు మొదలైంది.

"కితాబ్, ఇయ్యాల మిషిన్ రాళ్లు మింగినట్టుంది. గుంజుతె రాదు."

"నిన్నో?"

"నిన్న దూది లెక్క. పిల్లలు గూడ గుంజొచ్చు. మొన్న మళ్ల రాయి."

నేను కంగారు పడలేదు. ఆ రోజుల్లో నాకు కంగారంటే తెలియదు, కారణాలు మాత్రమే తెలుసు. కండరాలు ఒకరోజు అలిసి మరుసటి రోజు కోలుకుంటాయని మొదటి కారణం చెప్పాను. మామ నమ్మి, రాయి రోజున ఇంకో రెండు ఇడ్లీలు తిన్నాడు. అయినా మార్పు లేదు. రాత్రి అన్నం తిన్నరోజుకీ చపాతీ తిన్నరోజుకీ తేడా అని రెండో కారణం చెప్పాను. వారం రోజులు వరసగా చపాతీలు తిని మామ నీరసించాడు గానీ మిషన్ తన పద్ధతి మార్చుకోలేదు. అప్పుడు లైబ్రరీలో మళ్లీ కూర్చుని ఆటుపోట్ల మీద ఒక అధ్యాయం చదివి, పరుగున నారాయణగూడ వచ్చి, దుకాణంలో పదిమంది ముందు మూడో కారణం ప్రకటించాను.

"మామా, చంద్రుడు అంత సముద్రాన్నే లాగుతున్నాడు. మన డబ్బాలో నీళ్లెంత? ఒకరోజు నువ్వు లాగుతున్నది నీళ్లను. ఇంకోరోజు చంద్రుణ్ణి."

మామ కళ్లలో గౌరవం కనబడింది. "చందమామను గుంజుతున్ననా నేను!" అని తన చేతుల కేసి చూసుకున్నాడు. (పున్నమికీ అమావాస్యకీ మధ్య పక్షం రోజులుంటాయని, చంద్రుడు రోజు విడిచి రోజు డ్యూటీ చేయడని అక్కడున్న ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.)

ఈ వార్త సాయంత్రానికల్లా అశోక్‌నగర్ చేరింది. నాన్న పేపరు మడిచాడు. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని మామ ఇంటికి బయల్దేరాడు. దారిపొడుగునా నాకన్నా నాలుగడుగులు ముందే నడిచాడు. నేను మాత్రం భూమ్యాకర్షణ గురించి కొంత చెప్పి చూశాను.

హాల్లో మామ దిగులుగా సోఫాలో ఉన్నాడు. నాన్న చొక్కా చేతులు మడిచి మిషన్ ఎక్కి కూర్చుని, పిడి పట్టుకుని బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజాడు. అది ఏమాత్రం అడ్డం చెప్పకుండా వచ్చేసింది. నాన్న సీటుతో సహా వెనక్కి జారి, పట్టా చివరిదాకా పోయి, కాళ్లు పైకి లేచి, అలాగే కాసేపు పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. మామ, నేను చెరో చెయ్యి పట్టుకుని లేపాం.

"ఇది మిషినా, పిల్లల ఉయ్యాలనా?" అన్నాడు నాన్న ఊపిరి పీల్చుకుంటూ. "దీంతోని మోకాళ్లు బాగైతయా బావా? ఖరాబ్ మిషిన్ తెచ్చిండు వీడు. అయిపాయె. సోమవారం కెల్లి దుకాణంల కూసో."

"నాన్నా, ఇయ్యాల చంద్రుడు..."

"నీ చంద్రుణ్ని గూడ తీస్కపో. గల్లా దగ్గర కూసోబెట్టుకో."

నా రెండేళ్ల చదువు, నా కుర్చీ, కిటికీ పక్కన నా బల్ల అన్నీ కళ్లముందు తిరిగాయి. ఏదో చెప్పాలి. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే వెనక పెరట్లో గుర్రుమని ఒక చప్పుడు, దాని వెంటనే గాలి తన్నుకొచ్చిన ఫుస్సుమనే చప్పుడు వినిపించాయి.

"నల్లా వచ్చె!" అని అత్తమ్మ కేక.

నల్లా వచ్చిందంటే ఆ ఇంట్లో తీర్పులు కూడా వాయిదా పడాల్సిందే. మామ దిగులు మరిచి బిందెలకు లేచాడు. నాన్న కూడా అలవాటు కొద్దీ ఒక బకెట్టు అందుకున్నాడు. వరసగా డ్రమ్ము నిండింది, బిందెలు నిండాయి, గంగాళాలు నిండాయి, వంటింట్లో చెంబులు, సీసాలు, చివరికి ఇడ్లీ గిన్నె కూడా నిండింది. అప్పుడు అత్తమ్మ ఒక బకెట్టు మోసుకుంటూ హాల్లోకొచ్చి, మళ్లీ మిషన్ మీద కూర్చుని పరీక్ష చేస్తున్న నాన్నను చూసి విసుక్కుంది.

"జర లేవు అన్నయ్యా. నువ్వు గట్ల అడ్డం కూసుంటె నేనెట్ల నింపాలె? మళ్ల నల్లా పోతది."

నాన్న లేచాడు. అత్తమ్మ చకచకా కవరు బొందు విప్పింది, బిరడా తీసింది, చేతిపంపు ఒక కొస బకెట్టులో, ఇంకో కొస డబ్బాలో పెట్టి, ఏళ్ల అనుభవం ఉన్నదానిలా టకటకా కొట్టింది. డబ్బా అడుగున రెండు గుక్కలు తప్ప నీళ్లు లేవు. మేం ముగ్గురం నోళ్లు తెరుచుకుని చూస్తుండగా నీళ్లు నేను కొలిచిన గీత దాటాయి, ఇంకా పైకి లేచాయి, అంచుదాకా వచ్చాయి. ఆవిడ బిరడా బిగించి, కవరు తొడిగి, చెంగుతో నుదురు తుడుచుకుంది.

మామ మెల్లగా అడిగాడు. "నువ్వు దీంట్ల నీళ్లు పడ్తవా?"

"పట్టక? నీళ్లు పట్టే డబ్బ ఇంట్ల ఖాళీగ ఉంటదా?"

"మరి ఉన్న నీళ్లేమైతయి?"

"నల్లా రాని దినం తీసి ఇల్లు తుడుస్త, అంట్లు తోముత. నెలల తరబడి మార్చకుంటె దోమలు పుడ్తయి గద, మున్సిపాలిటోళ్లు వచ్చి ఎంతగనం చెప్పిన్రు! ఈ పిలగాడేమో ఒక్కసారి పోస్తె చాలంటడు. ఏం చదివిండో ఏమో. పంపు మాత్రం మంచిది తెచ్చిండు."

మామ సీటు మీద కూర్చుని పిడి పట్టుకుని గుంజాడు. మొహం ఎర్రబడింది. "గిదే! గిదే రాయి!" అని అరిచాడు, పోయిన వస్తువు దొరికినంత ఆనందంగా. నాన్న సోఫాలో కూలబడ్డాడు. నవ్వుతున్నాడో దగ్గుతున్నాడో కాసేపు తెలియలేదు. కళ్లు తుడుచుకుని నాకేసి చూసి మళ్లీ మొదలుపెట్టాడు. నేను డబ్బాలో నీళ్లు పెరిగితే బరువు ఎందుకు పెరుగుతుందో వివరించబోయాను. నలుగురిలో ఎవరూ వినే స్థితిలో లేరు. (నలుగురిలో నేను కూడా ఉన్నాను.)

మిషన్ ఖరాబు కాదని తేలింది గానీ, నాన్న తీర్పు మోకాళ్ల మీద ఆధారపడి ఉంది కనుక, ఆ వారంలోనే అందరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మామను పడుకోబెట్టి మోకాళ్లు వంచాడు, చాపాడు, కాగితాలు చూశాడు, బరువు చూశాడు. "బాగుందండీ. నేననుకున్నదానికన్నా బాగుంది. ఎలా చేస్తున్నారు?" అనడిగాడు. మామ జరిగిందంతా దాచకుండా చెప్పాడు. డాక్టరు నవ్వలేదు. "ఒకరోజు కష్టంగా, ఒకరోజు తేలిగ్గా. మంచి పద్ధతే. రోజూ బరువు లాగితే ఈపాటికి మోకాళ్లు వాచేవి, రోజూ తేలిగ్గా లాగితే కండ పట్టేది కాదు. ఎవరు పెట్టారీ పద్ధతి?"

మామ అత్తమ్మ వైపు చూశాడు. అత్తమ్మ గోడ మీద ఉన్న ఎముకల బొమ్మ వైపు చూసింది. నేను ఉండబట్టలేక, "పుస్తకాల్లో కూడా సరిగ్గా ఇదే ఉంది సార్. నేను చదివాను" అన్నాను. నిజంగానే చదివాను. రెండో పుస్తకం, మూడో అధ్యాయం.

"ఉంటది బిడ్డా," అన్నాడు మామ నా భుజం మీద చెయ్యేసి. "పుస్తకాల్ల అన్ని ఉంటయి. మాకు చెప్పే టైముకే చందమామ వస్తడు."

బయటికొచ్చాక మెట్ల మీద నిలబడి నాన్న తేల్చుకోలేకపోయాడు. మిషన్ ఎంచుకున్నది నేను, నయం చేసింది నల్లా, నల్లా వెనక ఉన్నది అత్తమ్మ. ఈ కేసులో నాకు ఏడాది దక్కాలా వద్దా? ఆయన తల గోక్కుంటుంటే మామే ముందుకొచ్చాడు.

"బావా, నా మాటిను. వీణ్ని దుకాణంల కూసోబెట్టకు. మొన్న నేను భోజనానికి పోతె ఒక్క పూట కూసున్నడు. కుక్కర్ కొననీకె వచ్చిన ఆమెకు ఆవిరి ఎట్ల పుడ్తదో, కుక్కర్లు ఎందుకు పేలుతయో మొత్తం చెప్పిండట. ఆమె భయపడి మూతల గిన్నె గూడ కొనకుంట పోయింది. వీణ్ని లైబ్రరీకే పంపు. ఏడాది కాకుంటె రెండేండ్లు పంపు. కావాలంటె పొద్దున టిఫిన్ నేను పెట్టిస్త."

అలా నాకు ఇంకో ఏడాది దక్కింది. గెలిచానో ఓడానో అప్పుడు ఆలోచించలేదు. మర్నాడు అందరికన్నా ముందు వెళ్లి లైబ్రరీ తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చున్నాను. ఆ ఏడాది మాత్రం సిలబస్ కూడా చదివాను, ఆ తర్వాత ఒక ఉద్యోగమూ వచ్చింది. మామ ఇప్పటికీ పొద్దున పడవ నడుపుతున్నాడు, అత్తమ్మ కూడా నేర్చుకుంది కాబట్టి ఆ పడవకు ఇప్పుడు ఇద్దరు డ్రైవర్లు, ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కుతారు.

పోయిన నెల మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒకతను, "సార్, మీరు బాగా చదువుతారట గదా. ఇంట్ల వాకింగ్ మిషిన్ కొందామనుకుంటున్నా, ఏది తీసుకొమ్మంటరు?" అనడిగాడు. నేను కళ్లజోడు సరిచేసుకుని, "నాకంతగా తెలియదండీ, ఎవరైనా వాడుతున్నవాళ్లను అడగండి" అన్నాను. సరైన జవాబే. అతను థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. కానీ సాయంత్రం బస్సులో లోయర్ ట్యాంక్ బండ్ మీదుగా వస్తుంటే ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది. అప్పటి ఆ కితాబ్ కుర్రాడైతే అతన్ని అంత తేలిగ్గా వదిలేవాడు కాదు. కుర్చీ లాగి కూర్చోబెట్టి, టీ చల్లారిపోయేదాకా చెప్పేవాడు. సగం తప్పే చెప్పేవాడు. అయినా ఆ గొంతులో ఉన్న ధీమా విని, మా ఆఫీసతను ఆ రాత్రే వెళ్లి మిషన్ కొనుక్కుని ఉండేవాడు. ఇప్పుడు చూడండి, పాపం, ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాడు.